పలక లోపల, మేం బయట

శబ్దానికి కులం లేదని చెప్పే పెద్దమనుషులు మా జిల్లాలో చాలామంది ఉన్నారు. పుట్టపర్తిలో ఉన్నారు, హిందూపురంలో ఉన్నారు, ధర్మవరం పట్టు అంగళ్లలో ఉన్నారు, బెంగుళూరు స్టూడియోల్లో మరీ ఎక్కువగా ఉన్నారు. వాళ్ల మాట నేను ఒప్పుకుంటాను. శబ్దానికి కులం లేదు. పలక మీద సిర్ర పడినప్పుడు కదిలే గాలికి గోత్రమూ లేదు, ఇంటిపేరూ లేదు. అయితే ఆ శబ్దాన్ని పట్టి కంప్యూటర్‌లో పెట్టి, దానికొక పేరు రాసి, కీబోర్డు మీద దానికొక చోటు చూపించి, అమ్మేటప్పుడు దానికొక ధర కట్టే మనిషి ఉన్నాడు చూడండి, ఆ మనిషికి కులం ఉంది. ఆ మనిషితోనే నా తగువు.

నేను శాంప్లర్ల మీద పనిచేసి బతికేవాణ్ణి. హిందూపురం చుట్టుపక్కల ఆర్కెస్ట్రాలకు, భజన బృందాలకు, జానపద పాటలు తీసేవాళ్లకు కీబోర్డులూ ప్యాడ్లూ సర్ది ఇస్తాను. మా జేజినాయన పలక కొట్టినాడు, మా నాయన పలక కొట్టినాడు. వాళ్లు కొట్టిన పలకను నేను మీటల మీద పరుస్తాను. మా వైపు పలక అంటాం, తప్పెట అంటాం. తెలంగాణలో, కోస్తాలో డప్పు అంటారు. సరిహద్దు దాటి గౌరిబిదనూరు పోతే తమటె. ఇంకా కిందికి తమిళనాడు పోతే పరై. ఆ పరై పేరు మీద పిలిచిన మనుషుల నుంచే ఇంగ్లీషువాడు ‘పరయా’ అనే మాట తీసుకుని, వెలివేసిన ప్రతివాడికీ తగిలించినాడు. మా వాయిద్యం పేరు ప్రపంచానికి తిట్టుగా తెలుసు, శబ్దంగా తెలియదు.

శాంప్లర్ అంటే తెలియని విద్యార్థుల కోసం నాలుగు మాటలు చెప్పాల. అదొక గాదె. నిజమైన వాయిద్యం నుంచి ఒక్కొక్క శబ్దాన్ని విడిగా రికార్డు చేసి అందులో పోస్తారు. ఏ మీట నొక్కితే ఏ శబ్దం రావాలో పటం గీస్తారు. దాన్నే మ్యాపింగ్ అంటారు. వీణ తీగను ఒక్కసారి మీటి, ఆ ఒక్క శబ్దాన్నే మీటలన్నిటికీ సాగదీస్తే పై మీటల్లో పిల్ల కీచుమన్నట్టు, కింది మీటల్లో ఎనుము అరిచినట్టు వస్తుంది. అందుకని రెండు మూడు స్వరాలకొకసారి వేరే శాంపిల్ తీస్తారు. మెల్లగా మీటింది, ఒక మాదిరిగా మీటింది, గట్టిగా మీటింది విడివిడిగా తీస్తారు. మిడి భాషలో మీట మీద పడే బలం 1 నుంచి 127 దాకా ఉంటుంది. ఆ 127 మెట్లను నాలుగైదు పొరలుగా పంచి, పొరకొక రికార్డు ఇస్తారు. అదే బలంతో అదే దెబ్బ మళ్లీ మళ్లీ పడితే ఒకే రికార్డు మోగకుండా నాలుగైదు రికార్డులు వంతులవారీగా మోగేట్టు చేస్తారు. దానికి రౌండ్ రాబిన్ అని పేరు. అది లేకపోతే తాళవాద్యం మరతుపాకి పేలినట్టు ఉంటుంది. ఇవన్నీ కలిస్తే మల్టీశాంపిల్ వాయిద్యం. పియానోకయితే 88 మీటలకూ ఈ పని చేసే లైబ్రరీలున్నాయి, గిగాబైట్ల కొద్దీ.

ఇప్పుడు అడుగుతాను. ఏ వాయిద్యానికి ఎన్ని శాంపిళ్లు తీయాలో, దేనికెన్ని పొరలు వేయాలో ఎవరు నిర్ణయిస్తారు? దేన్ని నిదానంగా వినాలో, దేన్ని ఒక్క దెబ్బతో సరిపెట్టాలో ఎవరు చెప్తారు?

1983లో మిడి వచ్చింది. 1991లో జనరల్ మిడి అనే ప్రమాణం వచ్చింది. అన్ని కంపెనీల కీబోర్డులూ వాయిద్యాలకు ఒకే వరసలో నెంబర్లు ఇయ్యాలని దాని ఉద్దేశం. మొత్తం 128 నెంబర్లు. మన దేశం నుంచి అందులో సితారుకు 105, షెహనాయికి 112. జపాను షామిసెన్‌కు 107, కోటోకు 108, టైకో డ్రమ్ముకు 117. ఇవి కాక తాళవాద్యాలకని 35 నుంచి 81 దాకా 47 మీటలు వేరే పెట్టినారు. క్యూబా బోంగోలు, కాంగాలు అందులో ఉన్నాయి. బ్రెజిల్ క్వీకా ఉంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషుల బిడ్డలు బతికించుకున్న వాయిద్యాలవి. ఆ 47లో తబలా కూడా లేదు. కాబట్టి అక్కడ మా పలక లేదని నేను ఏడవను. పరాయిదేశం కంపెనీలు రాసుకున్న పట్టీ అది. వాళ్లకు మా హిందూపురం తెలియదు, మా వాడ తెలియదు.

నా తగువు మన ఇంటి పట్టీలతో. మన దేశపు వాయిద్యాలని చెప్పి అమ్మే సెట్లు, మన ప్యాడ్ల వాళ్లు పెన్ డ్రైవుల్లో ఒకరికొకరు పంచుకునే సెట్లు నా దగ్గరికి వస్తుంటాయి. వాటిని శాంప్లర్‌లోకి ఇంపోర్టు చేసి మ్యాపింగ్ తెర తెరిస్తే కులం బొమ్మ కట్టినట్టు కనిపిస్తుంది. అడ్డంగా మీటలు, నిలువుగా బలం. ఒక్కో శాంపిల్ ఒక్కో గడి. తబలా తెరవండి. తెర నిండా చిన్న చిన్న గడులు, ఒక్కోదానికి ఒక్కో పేరు: ధా, ధిన్, నా, తిన్, గే. మృదంగం తెరవండి. త, ది, తొం, నం. పొరలున్నాయి, వంతులున్నాయి. ఇప్పుడు పలక తెరవండి. ఒకే ఒక్క గడి. మీటలన్నీ దానివే, బలం 1 నుంచి 127 దాకా దానిదే. రూట్ కీ 60. లోపల ఒకే ఒక్క వేవ్ ఫైలు. దాని పేరు ‘ట్రైబల్ హిట్ 2’. ఇంకొక సెట్టులో దానిపేరు ‘ఎత్నిక్ డ్రమ్’. మరొక సెట్టులో ‘మాస్ బీట్’. మా వాడలో మనిషికొక పేరున్నా ఊరోళ్ల నోటికి మేమంతా ‘ఏరా’ అయినట్టు, పలకలో ఉన్న దెబ్బలన్నీ కలిపి ఒక ‘హిట్’ అయినాయి.

అంతేకాదు. ఆ ఒక్క దెబ్బను కూడా శుద్ధి చేసి పెట్టినారు. కొట్టేవాడి ఊపిరి కోసేసినారు. కాలి గజ్జెల చప్పుడు తీసేసినారు. దెబ్బ పడినాక కొయ్య వలయంలో కొంచెంసేపు తిరిగే మోతను కత్తిరించినారు. దీన్ని వాళ్లు ‘క్లీన్’ చేయడం అంటారు. మేం తాకిన చోటల్లా నీళ్లు చల్లుకున్నవాళ్లకు ఈ పని కొత్తేం కాదు.

మా నాయన దెబ్బ కంప్యూటర్‌లోకి ఎట్ల పోయిందో చెప్తాను. 2014లో ఒక టౌను స్టూడియో వాళ్లు మనిషిని పంపి పిలిపించినారు. పలక ఎత్తుకుని పోయినాడు, నేనూ వెంట పోయినాను. ఏసీ గది. నాయన అడిగిన మొదటి మాట, “సెగ యాడ సూపియ్యల్ల సార్?” పలక కొట్టే ముందు నిప్పుల సెగకు తోలును కాచుకోవాల. కాగితేనే తోలు బిగుస్తుంది, గొంతు లేస్తుంది. మంచు పడితే దిగుతుంది, మళ్లీ కాచాల. రాత్రంతా దేవర జరిగితే పలకోడి చేయి ఎంత పనిచేస్తుందో పక్కన మండే గడ్డీ గాదమూ అంతే పనిచేస్తుంది. స్టూడియో ఆయన నవ్వి, “ఈడ నిప్పేంది, అట్లే కొట్టు” అన్నాడు. మా నాయనకు అప్పటికి అరవై ఏండ్లు. ఆ కుర్చీలో కూచున్నాయనకు ముప్పై కూడా ఉండవు. ‘నువ్వు’, ‘కొట్టు’, ‘ఇంగోసారి’. నాయన మాత్రం ‘సార్’.

గంటసేపు విడివిడిగా దెబ్బలు కొట్టించినారు. నాయన ఒక్కో దెబ్బకూ పేరు చెప్పబోతే, “పేర్లేం వద్దులే” అన్నారు. 600 రూపాయలు చేతిలో పెట్టినారు. కాగితం మీద సంతకం లేదు, రశీదు లేదు. బయటికొచ్చి నాయన ఒకే మాట అన్నాడు: “సచ్చిన పలక కొట్టించుకున్న్యారు రా. కాచని పలక పీనిగ కాడ గూడ కొట్టం.”

రెండేండ్లకు ఆ దెబ్బ నాకు మళ్లీ ఎదురైంది. మా నాయన పలకకు చుట్టిన కడియంలో ఒక మేకు వదులు. ప్రతి దెబ్బ తర్వాత సన్నగా చిర్రుమంటుంది. శుద్ధి చేసేవాళ్ల చెవికి అది అందలేదు. ఆ చిర్రుమనే మోత నేను ఆక్టోప్యాడ్ సెట్టులో విన్నాను, భక్తి పాటలో విన్నాను, కల్యాణ మండపంలో విన్నాను. ఒకే దెబ్బ, ఒకే మేకు, వందసార్లు అచ్చుగుద్దినట్టు అదే మోత. చివరికి మా ఊరి గుడి ఉత్సవంలో విన్నాను. అదే ఈ వ్యాసానికి అసలు కారణం.

ఆ గుడి దగ్గర మా నాయన, మా జేజినాయన ప్రహరీ గోడ ఇవతల నిలబడి కొట్టినవాళ్లు. దేవుడు ఊరేగింపుకు బయటికొస్తే దేవుడికి ముందు నడిచినవాళ్లు, దేవుడు లోపలికి పోతే వీధిలోనే ఆగిపోయినవాళ్లు. పీర్ల పండగకు గుండం చుట్టూ కొట్టినారు. మారెమ్మ దేవరకు కొట్టినారు. ఊర్లో పెద్దింట చావయితే పిలవకపోయినా పోయి కొట్టాల, పొద్దుగూకే దాకా కొట్టాల, వాళ్లు పోసిన గింజలు చెరుగులో పట్టుకుని రావాల. 2008లో మా వాడ పిల్లోళ్లు కూడబలుక్కుని చావుకు కొట్టేది మానేయించినారు. నాలుగు నెలలు మాకు చేన్లలో కూలి లేదు, అంగట్లో అప్పు లేదు. మావాళ్లు బెంగుళూరు రైలెక్కి కట్టడాల పనికి పోయినారు. ఊరు దిగిరాలేదు. ఆ అవసరమే దానికి రాలేదు. ప్యాడ్ల వాణ్ణి తెచ్చుకున్నారు, స్పీకరు పెట్టుకున్నారు. ఇప్పుడు ఉత్సవం వస్తే గుడి మండపం లోపల, గంట పక్కన, ప్యాడ్లు పెట్టి మా నాయన దెబ్బను మోగిస్తారు. మా నాయన మాత్రం ఈ రోజుకూ గోడ ఇవతలే.

పలక లోపలికి పోయింది, పలకోడు పోలేదు. వందల ఏండ్లుగా ఊరికి ఉన్న కోరిక ఇదే కదా? మా చాకిరి కావాల, మేం వద్దు. మా చెప్పు కావాల, మా కాలు వద్దు. మా చేతి వడ్లు కావాల, మా చేయి తగలకూడదు. శాంప్లర్ వాళ్లకు ఆ కోరిక తీర్చింది. మనిషిని తీసేసి శబ్దాన్ని మాత్రం ఉంచుకునే యంత్రం అది, పటం గీసే పని వాళ్ల చేతుల్లో ఉన్నంతకాలం.

ఈ మాట కొత్తగా అంటున్నానా? మా హిందూపురానికి దగ్గరే లేపాక్షి. వీరభద్రాలయం నాట్యమండపంలో స్తంభాల మీద రంభ ఆడుతుంటే తుంబురుడు వీణ పట్టుకుని ఉంటాడు, బ్రహ్మ మద్దెల వాయిస్తుంటాడు. చూసినవాళ్లంతా శిల్పాన్ని పొగుడుతారు. బ్రహ్మ చేతిలోని మద్దెలకు తోలు ఎవరు ఒలిచినారు, ఎవరు నానబెట్టినారు, ఎవరు మూత బిగించినారు అని ఏ స్తంభమూ చెప్పదు. 2020లో టి.ఎం.కృష్ణ ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే పుస్తకంలో మృదంగం చేసేవాళ్ల చరిత్ర రాసినాడు. ఆవు తోలు, ఎనుము తోలు, మేక తోలు కలిస్తేనే ఆ పవిత్ర వాయిద్యం పలుకుతుందని, ఆ తోలు పని చేసిన చేతుల్లో ఎక్కువ దళిత క్రైస్తవులవని అందులో ఉంది. ఆ పుస్తకం ఆవిష్కరణకు ముందు ఇచ్చిన అనుమతిని చెన్నై కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. తోలు చప్పుడు సభలోకి రావచ్చు, తోలు కథ రాకూడదు.

పలకలో ఏముంది, ఒక్క దెబ్బే కదా అనే సంగీతజ్ఞులకు ఒక సంగతి గుర్తుచేస్తాను. మాకు సరిహద్దు జిల్లా అయిన చిక్కబళ్లాపురలో తమటె కళాకారుడు మునివెంకటప్పకు 2023లో పద్మశ్రీ ఇచ్చినారు. మదురై పరై గురువు వేలు ఆసాన్‌కు 2025లో ఇచ్చినారు. ఒక్క దెబ్బ కొట్టినందుకు ఇచ్చినారా? చావు దెబ్బ వేరు, పెండ్లి దెబ్బ వేరు, దేవర దెబ్బ వేరు, చాటింపు దెబ్బ వేరు. మైలు దూరంలో చేను దున్నేవాడు చెవి రిక్కించి, ఊర్లో ఏం జరిగిందో దెబ్బను బట్టి చెప్పేవాడు. మోత వినగానే విషయం తెలిసేది. దాన్ని ‘హిట్’ అనేవాడు చదువురానివాడు.

ఇక మనవాళ్లతో మాట్లాడాల. మనలో రెండు వాదాలున్నాయి. మొదటి వాదం: పలక వెట్టి గుర్తు, దాన్ని ముట్టుకోవద్దు, కంప్యూటర్‌లో పెట్టి బతికించడం ఎందుకు? ఈ మాట వెనక పెద్ద చరిత్ర ఉంది. 1927లో మహద్ పోరాటం నాటి నుంచే అంబేడ్కర్ చచ్చిన పశువులను మోసే పని వదిలేయమన్నాడు. మా వాడ పిల్లోళ్లు 2008లో చేసింది అదే. దాన్ని నేను తలమీద పెట్టుకుంటాను. అయితే మనం వదిలింది చాకిరిని. ఆ చాకిరిలో మన పెద్దలు పెంచిన విద్య మనదే. దాన్ని మనం వదిలిన రోజే వాళ్లు పెన్ డ్రైవులో ఎక్కించుకున్నారు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా పుట్టింది. చాటింపు మాటనే ఉద్యమానికి పేరు చేసుకుంది. తల వంచుకుని కొట్టిన పలకను తల ఎత్తి కొట్టమంది. పలకను అప్పుడు వదిలి ఉంటే ఆ పేరు పుట్టేదా?

రెండో వాదం: పలక చేతిలోనే ఉండాల, యంత్రంలో పెడితే చచ్చిపోతుంది. ఈ మాట అనేవాళ్లు పలకను ప్రేమించేవాళ్లే. కానీ అయ్యలారా, యంత్రంలో అది ఇప్పటికే ఉంది. చచ్చిన పలకగా ఉంది. మనం దూరం జరిగితే ఆ చచ్చిన పలకే రేపటి పిల్లలకు పలక అవుతుంది. చెవి దేనికి అలవాటు పడితే అదే నిజమనుకుంటుంది.

నల్లవాళ్ల కథ చూడండి. 1969లో అమెరికాలో ది విన్‌స్టన్స్ అనే బృందం ‘ఆమెన్, బ్రదర్’ అనే పాట చేసింది. అందులో గ్రెగరీ కోల్‌మన్ అనే నల్లజాతి డ్రమ్మరు ఆరేడు సెకన్లు ఒంటరిగా వాయించినాడు. శాంప్లర్లు వచ్చినాక ఆ ఆరేడు సెకన్లను కోసి, ముక్కలు చేసి, మీటల మీద పరిచి వేల పాటల్లో వాడుకున్నారు. కొన్ని సంగీత రకాలే దాని మీద పుట్టినాయి. కోల్‌మన్ 2006లో పేదరికంలో చనిపోయినాడు. ఆ వాడకం నుంచి ఆయనకు రాయల్టీ అందలేదు. 2015లో అభిమానులు చందాలు వేసి బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 24,000 పౌండ్లు ఇచ్చినారు. చందా మంచిదే. కానీ చందా హక్కు కాదు. మా దగ్గర కూడా 2024 జులై నుంచి డప్పు కళాకారుల పింఛను నెలకు 4,000 రూపాయలయింది. దాన్ని తీసుకుంటాం. అది ముసలితనానికి ఇచ్చే ఆసరా, దెబ్బకు కట్టిన కూలి మాత్రం కాదు.

విమర్శ చేసి ఊరుకోకుండా మేం మా పటం మేమే గీసుకున్నాం. ఎట్ల చేసినామో చెప్తాను, మీరూ చేయొచ్చు. నాయన, నేను, వాడలో ఇద్దరు పిల్లోళ్లు, ఒక మైకు, ఒక రికార్డరు. చెరువు కట్ట కింద చింతచెట్టు నీడ. హిందూపురం చింతపండు ఊరు, పలకకు తోలు అతికేదీ చింతగింజల జిగురుతోనే. మొదట నిప్పు రాజేసినాం. దెబ్బల పేర్లు నాయన చెప్పినాడు, నేను రాసుకున్నాను. సిర్రతో నడిమి దెబ్బ, సిర్రతో అంచు దెబ్బ, చిటికెన పుల్లతో విడుపు, చిటికెన పుల్లతో అదుము, రెండూ కలిసిన జంట దెబ్బ, వలయం మీద కొయ్య దెబ్బ. ఆరు. ఒక్కోదానికి ఐదు బలాలు. ఒక్కో బలానికి ఆరు వంతులు. 180. ఇది అప్పుడే కాచిన పలకకు. సగం దిగిన పలకకు మళ్లీ 180. చల్లబడిన పలకకు మళ్లీ 180. మొత్తం 540 దెబ్బలు. ఒక్కొక్కటి రెండు సెకన్లు, 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్, ఒకే మైకు. అంతా కలిపి 155 మెగాబైట్లు. పాత ఫోనులో కూడా పడుతుంది. ‘ట్రైబల్ హిట్’ గాళ్లకు చోటు చాలక ఒక్క దెబ్బతో సరిపెట్టలేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

పేరు పెట్టేదే మొదటి పని. ఫైలు పేరులోని మాటలను, అంకెలను చదివి గడులను తనంతట తానే సర్దుకునే సౌకర్యం చాలా శాంప్లర్లలో ఉంది. మేం ప్రతి ఫైలుకూ దెబ్బ పేరు, మీట నెంబరు, బలం పొర, వంతు, సెగ రాసినాం. మీట పేరు రాయకుండా నెంబరు రాసినాం, ఎందుకంటే మిడి 60వ మీటను యమహా వాళ్లు సి3 అంటారు, రోలాండ్ వాళ్లు సి4 అంటారు. పేరు నమ్మి ఇంపోర్టు చేస్తే వాయిద్యం మొత్తం పన్నెండు మీటలు పక్కకు జరుగుతుంది. మీట 36 నుంచి పైకి పరిచినాం, ప్యాడ్లవాళ్ల చేతికి సులువుగా అందేట్టు. ఏ దెబ్బ రికార్డునూ పక్క మీటకు సాగదీయలేదు. చిటికెన పుల్ల ఆనగానే సిర్ర మోత తెగిపోయేట్టు రెండిటినీ ఒక గుంపులో కట్టినాం. మాడ్యులేషన్ చక్రానికి సెగను ఇచ్చినాం. చక్రం పైకి తిప్పితే కాచిన పలక, కిందికి తిప్పితే మంచు తగిలిన పలక. గజ్జెలు ఉంచినాం. ఊపిరి ఉంచినాం. ఆ వదులు మేకు కూడా ఉంచినాం.

దీన్ని ఎస్.ఎఫ్.జెడ్ పద్ధతిలో రాసినాం. అది మామూలు అక్షరాల ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఏ దెబ్బ ఏ మీటకు, ఏ బలం నుంచి ఏ బలం దాకా, ఎన్నో వంతు అని వరసగా రాసుకుంటూ పోవడమే. మోగించేదానికి స్ఫోర్జాండో లాంటి ఉచిత ప్లేయర్లున్నాయి. కొనాల్సిన పని లేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ ఫైలులో రెండు ఏటవాలు గీతలు పెట్టి యంత్రం పట్టించుకోని మాటలు కూడా రాసుకోవచ్చు. మేం ఆ గీతల వెనక మొట్టమొదట నాయన పేరు రాసినాం. తర్వాత ఊరు, వాడ, పలక చేసిన మనిషి, తోలు ఇచ్చిన జీవం, నిప్పు రాజేసిన పిల్లోళ్లు. లేపాక్షి స్తంభం మీద లేని వరస అది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1957 కాపీరైటు చట్టం కళాకారుణ్ణి నిర్వచిస్తూ నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడు మొదలుకొని గారడీవాడి దాకా, పాములాడించేవాడి దాకా పేర్లు చెప్పింది. వాద్యకారుడంటే సభలో కూచున్నవాడే అని ఎక్కడా లేదు. తన ప్రదర్శనను రికార్డు చేయనిచ్చే హక్కు కళాకారుడిదేనని, తన పేరు చెప్పమని అడిగే హక్కు కూడా ఉందని 2012 సవరణ స్పష్టం చేసింది. ఆ హక్కు 50 ఏండ్లు ఉంటుంది. కాబట్టి మీ ఊరి పలకోణ్ణి ఎవరు స్టూడియోకు పిలిచినా కాగితం అడగండి. శాంపిళ్లకు వాడతారా, అమ్ముతారా, ఎంత వాటా, పేరు ఎక్కడ వేస్తారు అని రాయించుకోండి. రాయనంటే పలక చంకన పెట్టుకుని వచ్చేయండి.

ఇంకా చేయాల్సింది చాలా ఉంది. మా అనంతపురం సీమ ఉరుము ఉంది. ఒక మూతను కొడతారు, ఇంకో మూతను వంపు పుల్లతో రుద్దుతారు. మబ్బు గర్జించినట్టు మూలుగుతుంది. దాన్ని విడి దెబ్బలుగా కోస్తే ఏమీ మిగలదు. పొడుగు రాపిళ్లను తీసి, చేతి ఒత్తిడితో పాటు గొంతు లేచేట్టు, దిగేట్టు పటం గీయాల. రుద్ది పలికించే క్వీకాకు 1991లోనే రెండు మీటలు దొరికినాయి, 78, 79. ఉరుముకు మీటలు ఇచ్చేది ఎవరు? వాయించే పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గరికి మనకంటే ముందు ఏసీ గది వాళ్లు పోతే, ‘థండర్ డ్రమ్ 1’ అని ఇంకో ఫైలు పుడుతుంది.

శబ్దానికి కులం లేదనే పెద్దమనుషులకు చివరగా ఒక మాట. మా పలకను మీరు వాయించొద్దని మేం అనడంలే. వాయించండి. పాటల్లో పెట్టుకోండి, గుడిలో పెట్టుకోండి. పేరు చెప్పి వాయించండి, కూలి కట్టి వాయించండి, కాచి వాయించండి. శబ్దం పోయిన చోటికి మనిషినీ పోనీయండి. అది చేతకాకపోతే మా దెబ్బలు మాకిచ్చి, ఖాళీ మీటల మీద మీ చేతులు మీరు కొట్టుకోండి.

విద్యార్థి తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎండాకాలం సెలవులకు ఊర్లకు పోతారు. వాడలో పలక పట్టిన పెద్దాయన ఉంటాడు. ఆయన్ను కూర్చోబెట్టి, ఒక్కో దెబ్బ పేరు అడిగి రాసుకోండి. మైకు లేకపోతే ఫోను చాలు. కానీ మొదట నిప్పు రాజేయండి. పలక కాగినాకే రికార్డు నొక్కండి.